కుట్లబొమ్మ

మా ఊరి చర్చిలో కోతపండగ నాడు కోళ్లు కూడా ఆరాధనకు వస్తాయి. కాళ్లు కట్టేసి ముందు వరసలో పడుకోబెడతారు. పాస్టరుగారు ప్రసంగం అందుకోగానే అవీ అందుకుంటాయి. వాటి పక్కన వడ్లబస్తాలు, గుమ్మడికాయలు, అరటిగెలలు, ఎండుచేపల తట్టలు, చెరువులవాళ్లు ఐసులో పెట్టి తెచ్చిన రొయ్యలు. ఎవరు ఏ పని చేసుకుని బతుకుతారో ఆ పనిలోంచి కొంత తెచ్చి దేవుడి ముందు పెట్టాలి. ఆరాధన అయ్యాక వాటినన్నిటినీ వేలం వేస్తారు. నేను టైలరును గనక ఏటా ఒక పిల్లల గౌను కుట్టి ఇస్తాను. మా సంఘంలో ఆ వేలంపాటను మించిన వినోదం లేదు. మామూలు రోజుల్లో కొత్తిమీర కట్ట దగ్గర కూడా గీచిగీచి బేరమాడే మనిషి ఆ రోజు పక్కింటాయన మీద పంతంతో సొరకాయను ఆకాశానికెత్తేస్తాడు. పాడుకున్నదాన్ని మళ్లీ దేవుడికే ఇచ్చేసి ఇంకోసారి పాడించేవాళ్లు కొందరు. ఒక్కోసారి ఒకే కోడి మధ్యాహ్నం దాకా చేతులు మారీ మారీ చివరికి తెచ్చినామె ఇంటికే పోతుంది.

వేలంలో ఆఖరిది మూసిన పొట్లం. లోపలేముందో పాడేవాళ్లకు తెలియదు, పాడించే సంఘపెద్దకూ తెలియదు. ఒక ఏడు అందులోంచి కొత్త చీర వచ్చింది, మరో ఏడు వంకాయలు వచ్చాయి. ఆ పొట్లం తయారుచేయడం స్త్రీల సమాజం పని, అంటే మా పని. కిందటేడు పండగకు ముందు, కూలిపోయేటట్టున్న పాత మిషను బంగళాలో సామాన్లగది ఖాళీ చెయ్యమని కూడా మాకే అప్పజెప్పారు. చెద, గబ్బిలాల కంపు, విరిగిన హార్మోనియం, తుప్పుపట్టిన లాంతర్లు. వాటన్నిటి వెనకాల ఒక పార్సెలు. గోధుమరంగు కాగితం చుట్టి, పురికొసతో కట్టి, పైన ఇంగ్లీషులో పిల్లలకు ప్రేమతో అని రాసి ఉంది. నా చిన్నతనంలో పైదేశపు సంఘాలవాళ్లు క్రిస్మసుకు ఇలాంటివి పంపేవారు. పాలపొడి, గౌన్లు, రంగుపెన్సిళ్లు వచ్చేవి. ఇదొక్కటి మాత్రం ఎందుకో ఎవరికీ పంచకుండా ఉండిపోయింది.

ఊపి చూశాం. గలగలమంది. "నోవహు ఓడ బొమ్మయి ఉంటాది. జంతువులు జతలు జతలుగా ఉంటాయి చూడు" అని మాలో పెద్దామె తేల్చేసింది. విప్పి చూద్దామన్నాను నేను. "పొట్లం ముందే విప్పితే ఇంకేముంటాది మ్మే, ఊరుకో" అంది. మిగతావాళ్లూ ఆమె వైపే. పదిమంది ఆడవాళ్లం ఉన్నాం, ఒక్కరికీ ఆ పురికొస విప్పే ధైర్యం లేకపోయింది. పైన మెరుపుకాగితం చుట్టి, రిబ్బను కట్టి, బల్లమీద పెట్టేశాం. నోవహు ఓడ మాట మాత్రం పండగలోపే ఊరంతా పాకింది.

ఇక్కడ మా పాప సంగతి చెప్పాలి. పాప నా మేనకోడలు, తమ్ముడి కూతురు, అప్పటికి తొమ్మిదేళ్లది. నాకు పిల్లల్లేరు. మా రెండిళ్లకూ ఒకటే గోడ. మా తమ్ముడు రేవులో పడవల ఇంజన్లు బాగుచేస్తాడు, పొద్దున పోతే చీకటిపడ్డాకే రావడం. పాప పుట్టినప్పటినుంచీ నా కుట్టుమిషను కిందే పాకింది, నా గుడ్డముక్కల్లోనే నిద్రపోయింది. ఆ పండగకు ముందు వానాకాలంలో అంగడికి పోయి వస్తుంటే, చేపల తలకాయలు పారబోసే సందులో కుక్క మీదపడి చెంప పట్టేసింది. నెల్లూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. కంటి కిందనుంచి దవడ దాకా కుట్లు పడ్డాయి. కన్ను దక్కింది, అదే పదివేలు అనుకున్నాం.

ఇంటికొచ్చాక పాప మొహానికి చున్నీ చుట్టింది. కళ్లు తప్ప ఏమీ కనిపించకుండా, మెడ దగ్గర పిన్నీసు పెట్టుకుని మరీ. అన్నం తినేటప్పుడు కూడా దాన్ని కొంచెం పైకెత్తి కిందనుంచి ముద్ద పెట్టుకునేది. బడికి ఒక్కరోజు పోయింది. అక్కడ ఎవరేమన్నారో చెప్పలేదు, మళ్లీ పోలేదు. వాళ్ల టీచరమ్మ ఇంటికొచ్చి బతిమాలింది, మా తమ్ముడు బతిమాలాడు. ఊహూఁ. ఊళ్లో అందరి నోరూ మూయించగల నేను ఆ తొమ్మిదేళ్ల పిల్ల ముందు ఓడిపోయాను.

పాప వాళ్లమ్మ, మా మరదలి సంగతి ఇంకొకటి. అంతకుముందు ఆ పిల్లను ముద్దులతో ఊపిరాడనిచ్చేది కాదు. ఆసుపత్రి నుంచి వచ్చాక కంచం పెట్టేసి పొయ్యివైపు తిరిగిపోయేది. పాప ఏమైనా అడిగితే గోడతో మాట్లాడినట్టు జవాబు చెప్పేది. ఇంట్లో అద్దాలన్నీ తీసి పెట్టెలో పెట్టేసింది. నాకు ఒళ్లు మండిపోయేది. ఒకరోజు నిలదీశాను.

"ఆడపిల్ల వదినా. రేపు పెళ్లీ..." అని నసిగింది.

"ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమంట! తొమ్మిదేళ్ల బిడ్డకు పెళ్లేందే? ముందు దాని మొహం వైపు చూసి మాట్లాడు!"

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. నాకు కావలసింది ఒక్కటే. ఆ చున్నీ తీసేసి పాప మళ్లీ మొహం చూపిస్తూ తిరగాలి. దానికోసం ఉపవాసాలున్నాను. ప్రార్థనలో దేవుడితో పోట్లాడాను కూడా. మనుషుల దగ్గర తగ్గని నోరు దేవుడి దగ్గర మాత్రం ఎందుకు తగ్గుతుంది.

పండగరోజు వేలం ఆఖరికొచ్చింది. సంఘపెద్ద ఆ మెరుపుపొట్లం రెండు చేతులా ఎత్తి పట్టుకుని మైకులో అందుకున్నాడు. "సముద్రాలు దాటి వచ్చిన ప్రేమ కానుక ఇది! ఏ ధన్యులు పొందుతారో రండి, పాడండి!" ఆయన మంచి మనిషే. నాకు జ్ఞానస్నానమప్పుడు చెయ్యి పట్టుకుని నీళ్లలోకి దింపింది ఆయనే. కానీ మైకు చేతికొస్తే ఆగడు. బియ్యం అంగడాయన ముందు పాడాడు. నేను పైన పాడాను. ఆయన వెనక్కు తిరిగి, "నీకెందుకు టైలరమ్మా బొమ్మలూ గిమ్మలూ?" అన్నాడు. అంతే, ఇక నన్నెవరు ఆపుతారు. ఎంతకు పాడుకున్నానో మా తమ్ముడికి ఇప్పటికీ చెప్పలేదు.

పొట్లం విప్పే గౌరవం కూడా సంఘపెద్దదే. మెరుపుకాగితం తీశాడు, పురికొస తెంచాడు, గోధుమరంగు కాగితం చించాడు. లోపల అట్టపెట్టె. దాని మూతమీద బొమ్మ చూసి ఆయన చెయ్యి కాలినట్టు వదిలేశాడు. పచ్చటి మొహం, నుదుటికి అడ్డంగా కుట్లు, చెంపమీద కుట్లు. సమాధిలోంచి లేచి, చేతులు ముందుకు చాపుకుని, నేరుగా మన మీదికే వస్తున్న మనిషి. వాడి వెనక ఒక సమాధిరాయి, దానిమీద శిలువ. కోళ్లు తప్ప చర్చిలో ఎవరూ నోరు మెదపలేదు.

ఆ తర్వాత గోల. ముందు వరసలో ముసలామె యేసు రక్తమే జయం అని మొదలుపెట్టింది. తల్లులు పిల్లల కళ్లు మూశారు, పిల్లలు వేళ్ల సందులోంచి చూశారు. పాస్టరుగారు దగ్గుతున్నట్టు నటిస్తూ నవ్వు దాచుకున్నారు. "నోవహు ఓడలో ఇట్టాంటి జంతువు కూడా ఎక్కినాదా అమ్మా?" అని బియ్యం అంగడాయన నావైపు చూసి పళ్లికిలించాడు.

"శిలువ పక్కన దయ్యమా! వెంటనే కాల్చెయ్యాల" అన్నాడు సంఘపెద్ద. "పిల్లలెవరూ చూడబాకండి."

అప్పుడు వెనకనుంచి మా పాప వచ్చింది. చున్నీ అలాగే ఉంది. కోళ్లను దాటుకుంటూ ముందుకొచ్చి, కిందపడ్డ మూత తీసి, దాన్ని చాలాసేపు చూసింది. "అత్తా, ఇది మనదేనా?" అంది.

"మనదే. పాడుకున్నాను గదా."

"నాకు కావాల."

కుక్క కరిచిన తర్వాత ఆ పిల్ల నోటినుంచి ఏదైనా కావాలని రావడం అదే మొదలు. ఇక సంఘపెద్దయితే ఏంటి, బిషపు వస్తే ఏంటి.

"పెద్దయ్యగారూ, పాడుకున్నది నేను. దీన్ని ఏం చేసుకోవాలో నేను చూసుకుంటా" అన్నాను.

"అది కాదమ్మా, పసిమనసులు చెడిపోతాయి."

"ఊళ్లో కట్టే ప్రతి ఇంటికీ కోరలు పెట్టి, నాలిక వేలాడేసిన దిష్టిబొమ్మ కడతా ఉండారు. బడికిపోయే పిల్లలంతా దానికిందనుంచే పోతా ఉండారు. ఏ పసిమనసు చెడిపోయినాది?"

"అవి అన్యులవి."

"వాళ్ల పిల్లలకూ మన పిల్లలకూ కళ్లు వేరే ఉంటాయా?"

ఆయన ఏదో అనబోయాడు. ఈలోగా ఒక కోడి కట్టు తెంచుకుని పాస్టరుగారి మీదికి ఎగిరింది. అందరూ అటు తిరిగారు, మేమిద్దరం పెట్టె తీసుకుని బయటపడ్డాం.

మర్నాటినుంచి పాప మధ్యాహ్నాలు మా ఇంటి ముందుగదిలో ఉన్న నా కుట్టుకొట్లోనే గడిపింది. పెట్టెలో బొమ్మ లేదు, బొమ్మ ముక్కలున్నాయి. కాళ్లు, చేతులు, సగం తల, ఇంకో సగం తల, కోటు, బూట్లు. అన్నీ ఒక ప్లాస్టిక్ చట్రానికి కాయల్లా అంటుకుని ఉన్నాయి. వాటిని తుంచి, అతికించి, రంగు వేసి మనమే మనిషిని చేసుకోవాలట. నా దారాలు కత్తిరించే కత్తెరతో ఒక్కొక్క ముక్కా తుంచాం. పెట్టెలో వచ్చిన జిగురు ఎప్పుడో ఎండిపోయి రాయైపోయింది. చెప్పులు కుట్టేవాళ్లు వాడే గమ్ము తెప్పించాను. ఆ వాసనకు చున్నీలోపల ఊపిరాడక పాప రెండు మూడుసార్లు దగ్గింది. తర్వాత ఏమీ మాట్లాడకుండా పిన్నీసు తీసి, చున్నీ మిషను మీద పెట్టి, పనిలో పడిపోయింది.

నేను చూడనట్టే ఊరుకున్నాను. కానీ మిషను తొక్కుతున్న కాళ్లు ఆగిపోయాయి. ఒక రవికకు చేతులు తిరగేసి కుట్టాను ఆ రోజు. పోతేపోయింది, విప్పుకుంటే సరిపోతుంది.

"అత్తా, ఈయన్ని కుట్టినోళ్లకు కుట్టు రాదా?" అంది పాప, తల అతికిస్తూ.

"రాదు. గోనెసంచి కుట్టినట్టు కుట్టినారు పాపం. చూడు, ఒక కుట్టు పొడుగు, ఒకటి పొట్టి."

"మరి నన్ను కుట్టినామెకు?"

అడిగి, ముక్క చేతిలో పట్టుకుని అలాగే ఆగింది. అబద్ధం చెప్పాల్సిన అవసరం నాకు రాలేదు. దగ్గరికి తీసుకుని, వెలుతురు వైపు తిప్పి, పెళ్లిరవిక కుట్టు చూసినట్టు చూశాను. "నా కంటే బాగా వచ్చు ఆమెకు. దగ్గర దగ్గరగా, సన్నగా వేసింది. నువ్వు కదలకుండా ఉన్నావా?"

"ఏడ్చినా. కదల్లా."

"అందుకే ఇంత నీటుగా వచ్చినాది."

పాప చెంప తడుముకుని మళ్లీ పని అందుకుంది.

రంగుల దగ్గర పేచీ వచ్చింది. మూతమీదున్నట్టు పచ్చరంగు మొహం వద్దంది. రేవులో పడవలకు వేసే నీలం రంగు అడుగున మిగిలితే వాళ్ల నాన్న తెచ్చిచ్చాడు, కోటుకు అది వేసింది. మొహానికి ఎర్రమన్ను రంగులో పసుపు కలిపి, తెలుపు కలిపి, తన చేతిమీద పూసుకుని పక్కన పెట్టి చూసుకుని, సరిగ్గా తన చామనఛాయ వచ్చేదాకా కలిపింది. కుట్లకు మాత్రం నల్లరంగు. సూదిమొనతో ఒక్కొక్క కుట్టూ దిద్దింది. నుదుటి మీదవి తేలిగ్గా వదిలేసి చెంప మీదవే మళ్లీ మళ్లీ దిద్దింది. తనకొక తోడు చేసుకుంటోంది కాబోలు అనుకున్నాను. నా తల్లే అనుకుని కళ్లు తుడుచుకున్నాను.

ఒకరోజు పెట్టెమీది అక్షరాలు ఫోనులో కొట్టింది. ఏదేదో వచ్చింది. నా ఇంగ్లీషు బిల్లు చదవడం వరకే. ఫోనే తెలుగులోకి మార్చి చదివి వినిపించింది. యాభై ఏళ్ల పైమాటట. ఆ దేశంలో పిల్లల కోసమే ఇలాంటివి వరసపెట్టి చేశారట. సమాధుల్లోంచి లేచేవాళ్లు, ఎముకలగూళ్లు, ఆఖరికి కత్తి కిందపడితే తల తెగి బుట్టలో పడే బొమ్మ కూడా ఉందట. పిల్లలు ఎగబడి కొన్నారట. తల్లులు మాత్రం అట్టలు రాసి పట్టుకుని వీధికెక్కారట, మా పిల్లల్ని పాడుచేస్తున్నారని. చివరికి కొన్నిటిని అమ్మడం మానేశారట.

నాకు నవ్వాగలేదు. మన పార్సెలు ఎట్లా వచ్చిందో అప్పుడు తెలిసినట్టనిపించింది. అక్కడ ఏ మహాతల్లో కొడుకు దగ్గరనుంచి దీన్ని లాక్కుని ఉంటుంది. పారేయడానికి మనసొప్పక ఇండియా పిల్లలకు ప్రేమతో అని రాసి పంపేసి ఉంటుంది. తన బిడ్డను పాడుచేసేది మా బిడ్డల్ని పాడుచెయ్యదా, ఏం మనిషమ్మా! ఆమె కనపడితే నాలుగు కడిగేసేదాన్ని, తర్వాత కాఫీ ఇచ్చేదాన్ని.

బొమ్మ తయారైంది. జానెడు కంటే కొంచెం పొడుగు. పడవనీలం కోటు వేసుకుని, చామనఛాయ మొహంతో, చేతులు చాపుకుని, మా పంచాయతీ మెంబరు ఓట్లడగడానికి వచ్చినట్టున్నాడు. పాప ఆ రోజు వాణ్ని ఇంటికి తీసుకుపోయింది. గుమ్మం దాటేముందు చున్నీ తీసుకుని మళ్లీ మొహానికి చుట్టుకుంది. నా దగ్గర తీసేదల్లా ఇంటికిపోయేటప్పుడు ఎందుకు కట్టుకుంటోందో నాకర్థం కాలేదు. వీధిలో మనుషులంటే బెరుకేమో అనుకున్నాను. మా గుమ్మానికీ వాళ్ల గుమ్మానికీ మధ్య ఎంత వీధి ఉందని. అప్పుడది తట్టలేదు.

మర్నాడు పొద్దున గోడవతలనుంచి కేక. బియ్యం డబ్బా మూత తీయబోతే దానిమీద నిలబడి ఉన్నాడట. మా మరదలి చేతిలో శేరు ఎగిరి వాకిట్లో పడింది. ఆ తర్వాత స్టవ్వు పక్కన, ఆ తర్వాత టీవీ మీద, నీళ్ల బిందె పక్కన. ఆమె ఎక్కడికి పోతే అక్కడికి ముందే పోయి నిలబడేవాడు. ఆమె తీసి మంచం కింద పారేస్తే పాప తెచ్చి మళ్లీ పెట్టేది. మా తమ్ముడు నవ్వి ఊరుకున్నాడు. ఆమె నామీదికి వచ్చింది.

"నీవల్లే వదినా ఇదంతా! చర్చిలోనే కాల్చేసుంటే పీడ పోయేది. నా ఇంట్లో నేను కళ్లు మూసుకుని తిరగాల్సి వస్తా ఉండాది."

"మూసుకునే గదా తిరుగుతుండావు ఇన్నాళ్లూ" అన్నాను. నా నోరు అంతే. ఆమె ఏడుస్తూ వెళ్లిపోయింది. నాకూ రోజంతా బాగాలేదు.

ఆ ఆదివారం బైబిలు పెట్టుకునే గూట్లో వాడు కనిపించేసరికి మా మరదలికి ఓర్పు పోయింది. ఎవరికీ చెప్పకుండా సంఘపెద్దకు కబురుపెట్టింది. మధ్యాహ్నం ఆయన మాట గోడవతల వినిపించి, మెళ్లో టేపు అలాగే ఉండగా పరిగెత్తాను. కొట్లాటకు కావలసిన మాటలన్నీ దారిలోనే పోగుచేసుకున్నాను.

ఆయన వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చేతిలో ఖాళీ సంచి. మా మరదలు తలుపు పక్కన నిలబడి ఉంది. పాప ఆయనకెదురుగా, చున్నీ చుట్టుకుని, బొమ్మను పొట్టకు ఆనించి పట్టుకుని ఉంది.

"ఇట్టా ఇయ్యి తల్లీ" అంటున్నాడాయన మెత్తగానే. "నీకు మంచి గొర్రెపిల్ల బొమ్మ కొనిస్తా."

"వద్దు తాతా."

"ఎందుకమ్మా నీకది? భయమెయ్యదా?"

"ఇది నాకు కాదు తాతా."

"మరెవురికి?"

"అమ్మకు."

మా మరదలు తలుపు దగ్గరనుంచి రెండడుగులు వేసింది. "నాకా? దాన్ని చూస్తే నా గుండె ఆగిపోతాదని తెలుసు గదే! తెలిసే పెడతా ఉండావా?"

"ఆఁ, తెలిసే." పాప గొంతులో పొగరు లేదు. లెక్క అప్పజెప్పినట్టు చెప్పింది. "మొదట్లో దీన్ని చూసి అరిచినావు. తర్వాత అరవడం మానేసి తిట్టినావు. నిన్న స్టవ్వు దగ్గర నువ్వే చేత్తో పక్కకు జరుపుకుని తిరగమోత పెట్టుకున్నావు. నేను చూసినా."

"అయితే?"

"దీన్ని చూడటం అలవాటైతే, తర్వాత నన్ను చూస్తావు గదా అని."

నేను దారిలో పోగుచేసుకున్న మాటల్లో ఒక్కటీ మిగల్లేదు. నేనేమనుకున్నాను, ఈ బిడ్డ ఏం చేస్తోంది! ఊళ్లోవాళ్లకు భయపడి కట్టుకుంటోందనుకున్నాను ఆ చున్నీ. వాళ్లమ్మ భయపడకుండా ఉండాలని కట్టుకుంటోంది. తొమ్మిదేళ్ల పిల్ల తన తల్లికి కొంచెం కొంచెంగా ధైర్యం నేర్పాలని, తన రంగే వేసి, తన చెంపమీది కుట్లే దిద్ది ఒక మనిషిని చేసింది. గోడకు ఆనుకుని నిలబడిపోయాను. ఏడుపు ఆపుకోవడం నావల్ల కాలేదు, ఆపుకోవాలని అనిపించనూ లేదు.

సంఘపెద్ద కళ్లజోడు తీసి చాలాసేపు తుడిచాడు. తర్వాత లేచి, పాప తలమీద చెయ్యి పెట్టి, సంచి మడిచి చంకలో పెట్టుకుని, ఎవరికీ వందనాలు కూడా చెప్పకుండా మెట్లు దిగిపోయాడు.

మా మరదలు నేలమీద కూలబడింది. పాప దగ్గరికి పోయి ఆమె ఎదురుగా కూర్చుంది.

"నీకు భయపడలా నేను" అంది మా మరదలు. "నిన్ను చూసి భయపడతానా నా బంగారూ? ఆ రోజు రసంలోకి కరేపాకు లేదని నిన్ను అంగడికి పంపింది నేను. నువ్వు, వాన వస్తా ఉండాది, తర్వాత పోతానమ్మా అన్నావు. నేనే కసిరినా. ఆ కుట్లు చూసినప్పుడల్లా నాకు నువ్వు కనపడవు. నేను కసిరింది కనపడతాది. ఎట్టా చూసేది?"

ఇన్నాళ్లుగా గోడతో మాట్లాడింది ఇదన్నమాట. పెళ్లి అనీ ఆడపిల్ల అనీ నాతో ఏవేవో చెప్పింది గానీ, ఈ మాట ఎవరికీ చెప్పుకోలేకపోయింది పిచ్చిది. నేనేమో దాన్ని పట్టుకుని సామెతలు విసిరాను.

పాప చేతిలో బొమ్మను పక్కన పెట్టింది. "కరేపాకు లేకపోతే రసం బాగుండదు గదమ్మా" అంది. "అయినా కరిచింది కుక్క గదా."

మా మరదలు ఏడుస్తూనే నవ్వింది, నవ్వుతూనే మళ్లీ ఏడ్చింది. పాప మెడ దగ్గర పిన్నీసు తీయబోయింది. అది చున్నీలో చిక్కుకుని రాలేదు. మా మరదలే చేతులు చాపి, దాన్ని విప్పి, చున్నీ ఒక్కొక్క చుట్టే తీసి ఒళ్లో పెట్టుకుంది.

"ఇప్పుడు ఎవరు కనపడతా ఉండారు?" అని అడిగింది పాప.

"ఉండు. ఇంకా నేనే కనపడతా ఉండాను."

"సరే, నిదానంగానే చూడు" అని పాప చెంపను వాకిటి వెలుతురు వైపు తిప్పి, కుట్లు వేయించుకున్ననాడు కూర్చున్నట్టు కదలకుండా కూర్చుంది. మా మరదలు చూసింది. కళ్లనిండా నీళ్లు కారుతున్నా, తుడుచుకోవడానికి కూడా చూపు తిప్పలేదు.